ఎడమపక్క పూలు

ప్రొద్దుటూరులో ముహూర్తం పెట్టుకున్న ఇళ్లవాళ్లు శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే పెంచలమ్మకు ఫోను చేసేవారు. ఆ తేదీన ఇద్దరూ ఖాళీయేనా అని అడిగేవారు. ఇద్దరూ అంటే పెంచలమ్మ, రషీదా. ఒకరిని పిలిచి ఇంకొకరిని పిలవకపోవడం అక్కడ ఎవరికీ తట్టేది కాదు.

పెంచలమ్మకు ఇరవై ఆరో ఏట భర్త పోయాడు. పూలంగళ్ల ముందు గోనెపట్టా పరుచుకుని మల్లెలూ కనకాంబరాలూ మూరల్లెక్కన అమ్ముకుంటూ బతికేది. అదే వీధిలో ఇనుప పని చేసే ఖలందర్‌ను పెళ్లాడి రషీదా వచ్చింది. ఒకరోజు మల్లెలు కొందామని వచ్చి, కొనకుండా పెంచలమ్మ పక్కన కూర్చుంది. బుట్టలో చెయ్యి పెట్టి తెల్ల చామంతి పక్కన ముదురెరుపు గులాబీ, దాని పక్కన మరువం పేర్చింది.

"ఇట్ల కట్టుక్కా, చూస్తాం" అంది.

పెంచలమ్మ కట్టింది. ఆ దండ నాక్కావాలంటే నాక్కావాలని ఇద్దరు ఆడవాళ్లు అంగడి ముందే మాటామాటా అనుకున్నారు.

అట్లా మొదలైన జత ఇరవై రెండేళ్లు నడిచింది. ఖలందర్ పూలు గుచ్చడానికి ఇనుప ఫ్రేములు చేసిచ్చేవాడు. పెంచలమ్మ చేతులు, రషీదా కళ్లు. జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు, ఎక్కడ పెళ్లయినా మండపానికి ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో రషీదా నిలబడేది. కొంగు నడుముకు దోపుకుని, మెడ కాస్త వంచి చూసి, "ఆ బంతి తియ్యక్కా, అరుస్తాంది" అనేది. పెంచలమ్మ తీసేది. నిజంగానే ఆ పసుపు ఒక్కటీ తప్పుకోగానే మండపమంతా కుదురుకునేది. అరటిబోదెలు ఎంత ఎడంగా నిలబెట్టాలో రషీదా కొలత లేకుండా చెప్పేది. నిఖా స్టేజీ మీద పూలపరదా ఎంత పలచగా ఉండాలో పెంచలమ్మ చేతికి తెలుసు.

ఒక మాఘమాసం పొద్దున పూలకాడలు కత్తిరిస్తూ ఉండగా రషీదా ఎడమచేతి నుంచి చామంతుల కట్ట జారిపోయింది. మూతి వంకర పోయింది. కడపలో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. మాట పోలేదు. చేతికి కొంత బలం తిరిగొచ్చింది. గండం గడిచిందనుకున్నారు.

ఇంటికొచ్చిన రెండో రోజు అన్నం తింటూ, "కూర ఎయ్యలేదేందక్కా?" అని అడిగింది. పళ్లెంలో కుడివైపు మెతుకు మిగలకుండా తినేసింది. ఎడమవైపు వంకాయకూర అట్లాగే ఉంది. పెంచలమ్మ పళ్లేన్ని తిప్పింది.

"ఇప్పుడేస్తివా!" అని రషీదా తినసాగింది.

కళ్లు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఎడమపక్క అనేది ఒకటుందన్న సంగతే మెదడు మరిచిపోయిందట. కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదట. ఈ మాట రషీదాకూ చెప్పారు. ఆమె నవ్వేసింది. "నాకేమాయ? అంతా కనపడతానే ఉంది" అంది. ఆ రోజు నుంచి పెంచలమ్మ ఎక్కడ కూర్చున్నా ఆమెకు కుడివైపే కూర్చునేది.

మూడు నెలల తరువాత పులివెందులలో ఒక రిసెప్షను ఒప్పుకున్నారు. వద్దన్నా వినకుండా రషీదా వచ్చింది. ఉదయం నుంచి పని చేసింది. లేత గులాబీరంగు నుంచి ముదురు రంగుకు, మధ్యమధ్య తెల్ల లిల్లీలు గుచ్చుతూ వెళ్లింది. ఇన్నేళ్లలో అంత అందంగా ఎప్పుడూ చెయ్యలేదు. స్టేజీ నడిమధ్యకు వచ్చేసరికి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది.

"అయిపాయక్కా. ఎట్లుండాది?" అంటూ చేతులు తుడుచుకుంది.

ఎడమ సగం ఒట్టి ఇనుపచువ్వలు. పెంచలమ్మ ఖలందర్ వైపు చూసింది. అతడు తల దించుకున్నాడు.

"శానా బాగుండాదిమే" అంది పెంచలమ్మ. "పొద్దుట్నుంచి ఏమీ తినల్యా. పొయ్యి అన్నం తినిరా."

రషీదా తిని, కాసేపు నడుము వాల్చి వచ్చేలోపల పెంచలమ్మ కుడివైపు చూస్తూ, ఒక్కో పూవే అచ్చు అట్లాగే ఎడమవైపు దించింది. సాయంత్రం పెళ్లికూతురి తల్లి రషీదా రెండు చేతులూ పట్టుకుని, ఇట్లాంటి స్టేజీ ఈ ఊళ్లో చూడలేదమ్మా అంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో రషీదా ఏడ్చింది.

"నా పని అయిపాయ అనుకున్యానక్కా. కాల్యా."

ఆ మాట విన్నాక ఇంకేం చెబుతుంది? మళ్లీ చెబుదాములే అనుకుంది. తరువాతి పెళ్లికీ అదే అనుకుంది. మందు వేసుకోమనో, టీ తాగిరమ్మనో ప్రతిసారీ రషీదాను పక్కకు పంపేవాళ్లు. అట్లా పద్నాలుగు పెళ్లిళ్లు జరిగిపోయాయి.

రషీదా కూతురు అఫ్సానాకు పెళ్లి కుదిరింది. ప్రొద్దుటూరులోనే షాదీఖానాలో నిఖా. "నా బిడ్డ స్టేజీ మీద ఇంకొకరి చెయ్యి పడగూడదు. నీది తప్ప" అంది రషీదా. మధ్యాహ్నానికి తన సగం ముగించింది. పెంచలమ్మ అప్పటికే గులాబీల బుట్ట చంకన పెట్టుకుని తెర వెనక ఎదురుచూస్తోంది. ఆ సమయంలో పెళ్లికొడుకు అన్న ఫయాజ్ మిఠాయిల పెట్టెలతో లోపలికొచ్చాడు. మంచివాడు, మనసులో ఏమీ లేనివాడు.

"సగమే చేసినారేమ్మా? టైం అయితాంది కదా" అన్నాడు.

"సగమేంది నాయనా? అయిపాయ" అంది రషీదా.

"ఆ పక్కంతా ఉత్త కమ్మీలే కదమ్మా."

"యాడ?"

ఆమె ఆట పట్టిస్తోందనుకుని అతడు నవ్వాడు. భుజం పట్టుకుని ఎడమ చివరికంటా నడిపించి, ఆమె కుడిచేతిని తీసి ఇనుము మీద పెట్టాడు. రషీదా తడిమింది. ఒక చువ్వ, ఇంకొక చువ్వ, ఇంకొకటి. తల మొత్తం తిప్పి చూసింది. అప్పుడు కనబడింది. దాని వెనకాల బుట్టతో నిలబడిన పెంచలమ్మ కూడా కనబడింది.

"ఎన్ని పెండ్లిండ్లు?" అని అడిగింది.

పెంచలమ్మ బుట్ట కింద పెట్టింది.

"అడుగుతాండా. ఎన్ని?"

"పద్నాలుగు."

రషీదా కొంగుతో చెయ్యి తుడుచుకుని వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది. మిగిలిన సగం పెంచలమ్మ నింపింది. నిఖా జరిగింది. ఫోటోలు తీసుకున్నారు. పూల గురించి అందరూ మెచ్చుకున్నారు. ఆమె స్టేజీ ఎక్కలేదు. కూతురిని సాగనంపిన మరుసటి రోజే, ఇంట్లో పూలబుట్టలు చూస్తూ ఉండలేనని, జమ్మలమడుగులో అక్క ఖదీజా ఇంటికి వెళ్లిపోయింది.

ముహూర్తాలు లేని రోజు చూసుకుని పెంచలమ్మ జమ్మలమడుగు బస్సెక్కేది. మొదటి రెండుసార్లూ రషీదా నోరు విప్పలేదు. ఖదీజా ఇచ్చిన టీ తాగి పెంచలమ్మ వచ్చేసింది. మూడోసారి రషీదాయే అడిగింది.

"పులివెందల పెండ్లి కూడానా?"

"లేదుమే. అది మొత్తం నువ్వు చేసిందే."

"నీకు అబద్ధమాడను రాదక్కా." రషీదా కళ్లలో నీళ్లు నిలిచాయి. "ముందే చెప్పింటే మానుకునేదాన్ని. నువ్వూ ఆయనా కలిసి నన్ను పసిబిడ్డను చేసినారు."

"చెప్తే మానుకుంటావనేమే నేను చెప్పంది."

"అట్లయితే నా కోసరం కాదు. నీ కోసరం."

అది నిజం. రషీదా రాని పెళ్లిలో తన చేతులు ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. రషీదాను కాపాడుతున్నానని తనకు తాను చెప్పుకుంటూ తనను తానే కాపాడుకుంది. పెంచలమ్మ బస్సుకు లేచేటప్పుడు రషీదా ఆమె వైపు తిరక్కుండానే అంది:

"మళ్ల వచ్చేటప్పుడు లిల్లీలు తే. వాసన చూసి శానా దినాలాయ."

తొమ్మిది రోజుల తరువాత రషీదాకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఆసుపత్రి దాకా కూడా వెళ్లలేదు.

సమాధి మీద కప్పడానికి పూలచాదర్ తానే అల్లుతానంది పెంచలమ్మ. ఖదీజా ఇంటి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. గులాబీలు ఉన్నాయి, మల్లెలున్నాయి, లిల్లీలున్నాయి. దారం చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. దేని పక్కన ఏది పెట్టాలో ఆమెకు తోచలేదు. చివరికి అఫ్సానా వచ్చి కూర్చుని ఒక్కో పూవే అందించింది. అందిన పూవునల్లా పెంచలమ్మ గుచ్చింది.

మగవాళ్లు చాదర్ తీసుకుని ఖబరస్తాన్‌కు వెళ్లారు. ఆడవాళ్లు ఇంట్లోనే ఉండిపోయారు. పెంచలమ్మ మాత్రం వీధి మలుపు దాకా నడిచి, ఎండలో నిలబడింది. ఖలందర్ తిరిగి వస్తూ ఆమెను చూసి ఆగాడు.

"సరిగ్గా కప్పినారా అప్పా?" అని అడిగింది.

"సరిపోయిందిమా" అన్నాడతను. ఇద్దరూ ఇంటిదాకా నడిచారు.

ఇప్పుడు పెంచలమ్మ పెళ్లిళ్లు ఒప్పుకోవడం లేదు. ప్రొద్దుటూరులో కొత్తగా వచ్చిన డెకరేషను కుర్రాళ్లు కాగితం మీద రంగులు రాసి పంపుతారు. ఆమె ఇంట్లో కూర్చుని, కాగితంలో ఉన్నది ఉన్నట్టు దండలు కట్టి ఇస్తుంది. కట్టు వదులు కాదు, ఒక్క పూవు రాలదు అని వాళ్లు మెచ్చుకుంటారు. ఆ దండలు ఏ మండపానికి పోతున్నాయో, ఎట్లా వేలాడదీశారో ఆమె అడగదు.