వసుధ అరువిచ్చిన గొంతు

వసుధ పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరల వ్యాపారం చేసే ఇంట. మెట్టింది హిందూపురంలో, కిరాణా అంగడి ఉన్న ఇంట. మొగుడు విజయ్ కుమార్‌ది మాట తక్కువ. తూకం చూసి పొట్లం చేతిలో పెట్టడమే గానీ రెండో మాట ఉండదు. అలాంటి ఇంట్లో వసుధకు ఉన్న ఒకే సరదా మైకు. దసరాకు వాసవీమాత గుడిలో ఆమె "అమ్మవారు బయలుదేరుతున్నారు, కాస్త దారి ఇవ్వండి" అంటే, తోసుకుంటున్న జనం నిజంగానే పక్కకు జరిగేవాళ్లు. ఎవరికి వాళ్లకు తమ ఇంటి ఆడపడుచు చెప్పినట్టుండేది.

మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. వాళ్ల వార్డులో జయరామప్ప నిలబడ్డాడు. బోర్లు వేసే బండ్లు, నీళ్ల ట్యాంకర్లు ఉన్న ఆసామి. మైకులు, సౌండ్ బాక్సులు బాడుగకిచ్చే కిరణ్‌ను వెంటబెట్టుకుని ఒక పొద్దున అంగడికి వచ్చాడు.

"శెట్టమ్మా, ప్రచారం ఆటోలో పెట్టేకి నీ గొంతు కావల్ల. మగోళ్లు అరిస్తే ఆడోళ్లు తలుపు గూడా తీయరంట."

విజయ్ కుమార్ వద్దనలేదు, సరేననలేదు. వసుధకు మాత్రం లోలోపల పొంగిపోయింది. కిరణ్ ఇచ్చిన కాగితం చదివి మొహం చిట్లించింది. మొదట అభివృద్ధి, నడుమ అభివృద్ధి, చివర మళ్లీ అభివృద్ధి.

"ఇది ఎవురు వింటారన్నా? మా వీధిలో కొళాయి తిప్పితే గాలి వస్తాది. ఆడపిల్లలు పొద్దు పొడవకముందే బస్సెక్కి బట్టల ఫ్యాక్టరీలకు పోతాండారు. మూతబడిన పట్టుదారం తీసే షెడ్డు ఈడే ఉండాది కదా. దాంట్లో కుట్టు కేంద్రం పెడతామని చెబుదాం. దినామూ నీళ్లిస్తామని చెబుదాం. ఓట్లు పడకపోతే నన్నడుగు."

జయరామప్ప నవ్వాడు. "నీకు ఏం తోస్తే అది చెప్పు తల్లీ. నాకేమి, గెలిస్తే సాలు."

ఆ మాటను వసుధ మంచితనమనుకుంది.

కిరణ్ ఆమె మాటలు రికార్డు చేసుకున్నాడు. మరుసటి రోజు నుంచి ఆటో వీధి వీధీ తిరిగింది. ఆమె గొంతు వినబడగానే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి గడపల్లోకి వచ్చారు. వెనక వీధి ఉలిగమ్మ, ఫ్యాక్టరీలో చొక్కాలు కుట్టే మనిషి, అంగడి ముందు నిలబడి గట్టిగానే అంది. "ఆయప్పను నమ్మి కాదు వదినా, నిన్ను నమ్మి ఏస్తాండాం."

జయరామప్ప గెలిచాడు. ఊరేగింపు అంగడి ముందు ఆపి, దిగి వచ్చి, వసుధ భుజాల మీద శాలువా కప్పాడు. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం ఆమె నేల మీద నడవలేదు.

కుట్టు కేంద్రం కూడా తెరిచారు. షెడ్డుకు మామిడాకుల తోరణం కట్టి, కొత్త మిషన్లు వరుసగా పెట్టి, రిబ్బను కత్తిరించి ఫోటోలు దిగారు. అది చూసి ఉలిగమ్మ ఫ్యాక్టరీ పని మానేసింది. ఇంటి పక్కనే పని దొరుకుతుంటే పిల్లలను వదిలి అంత దూరం పోవడమెందుకనుకుంది. తెల్లారి మిషన్లు వచ్చిన వ్యాన్లోనే తిరిగి వెళ్లిపోయాయి. గోడలకు రంగులు వేసి మళ్లీ తెస్తామన్నారు. రంగులైతే పడ్డాయి. ఆ తర్వాత ఆ షెడ్డులో జయరామప్ప బావమరిది పేరు మీద మంచినీళ్ల ప్లాంటు వెలిసింది. కొళాయిల సంగతి సరే సరి. ఎండాకాలం వీధిలోకి జయరామప్ప ట్యాంకర్లే వచ్చాయి, బిందెకింతని నీళ్లు అమ్ముకున్నారు.

ఆడవాళ్లు కౌన్సిలరు ఇంటికి పోలేదు. వసుధ అంగడికి వచ్చారు.

"నీ మాట విని పని ఇడిసిపెడితి వదినా," అంది ఉలిగమ్మ. అరవలేదు. అరిచినా బాగుండేది. "మళ్లా పోతే ఆడ వేరేవాళ్లను పెట్టుకున్యారు. ఇప్పుడు నన్నేం జెయ్యమంటావు?"

వసుధ అప్పటికప్పుడు చెప్పులేసుకుని జయరామప్ప ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"అన్నా, మాట ఇస్తిమి కదా! ఆడోళ్లు నన్ను నిలదీస్తాండారు."

"ఎవురిచ్చిరి మాట?" తలెత్తకుండానే అడిగాడు. "నేను యాడన్నా నా నోటితో అన్న్యానా? నేనిచ్చిన కాగితంలో ఉండెనా? నువ్వు అంటివి, నీ గొంతుతో అంటివి. మళ్లా నన్నడిగితే ఎట్లమ్మా?"

వసుధ వచ్చిన దారినే తిరిగి వచ్చింది.

ఆ వీధి ఆమెను తిట్టలేదు, పలకరించడం మానేసింది. ఉప్పుకూ పప్పుకూ జనం మలుపు అవతలి అంగడికి పోతున్నారు. ఒక మధ్యాహ్నం ఖాళీ అంగట్లో కూర్చుని విజయ్ కుమార్ అన్నాడు. "మా నాయన కాలం నుంచి ఈ అంగట్లో తూకం తప్పిందని ఒకరు అన్న్యది లేదు." ఆ ఏడు దసరాకు గుడివాళ్లు పిలవడానికి వస్తే వసుధ ఇంట్లో లేనని చెప్పించింది.

మళ్లీ ఓట్ల కాలం వచ్చింది. చెల్లెలు కౌసల్యను చూడ్డానికి ధర్మవరం బయలుదేరింది వసుధ. బస్సు పెనుకొండలో ఆగితే టీ తాగుదామని దిగింది. స్టాండు ముందు నుంచి ఒక ఆటో పోతోంది. "అమ్మలారా, అక్కలారా, దినామూ మీ కొళాయిలో నీళ్లు..." ఆ పలికేది తన గొంతే. కుట్టు కేంద్రం మాట కూడా ఉంది. వార్డు పేరూ అభ్యర్థి పేరూ వచ్చే చోట మాత్రం ఎవరిదో మగ గొంతు అతికించారు.

కిరణ్‌కు ఫోన్ చేసింది.

"అక్కా, అది గెలిచిన గొంతు. అందరూ అదే కావల్లంటాండారు," అన్నాడు ఉత్సాహంగా. "నిన్ను మళ్లా శ్రమపెట్టేది ఎందుకని నేనే పేర్లు మార్చిస్తి."

ఆపమంది. ఇంక చేతిలో లేదన్నాడు. పార్టీవాళ్ల ఫోన్లన్నింట్లోకీ పోయిందన్నాడు.

పక్కనే కనకాంబరాలు కడుతున్న పెద్దావిడ ఆటో వైపు చూస్తూ, "ఈయమ్మ చెప్తాంటే నిజమే అనిపిస్తాది సూడు," అంది తోడుగా ఉన్న కోడలితో.

వసుధ ఆగలేకపోయింది. "నమ్మొద్దవ్వా. నీళ్లు రావు. కుట్టు కేంద్రమూ రాదు. ఆ చెప్పింది నేనే. నా గొంతే అది."

పెద్దావిడ ఆమెను కిందికీ మీదికీ చూసింది. ఏడుపు అడ్డుపడి వసుధ గొంతు జీరగా ఉంది, ఆటోలోని గొంతులా లేదు.

"నువ్వు యా పార్టీ దానివమ్మీ? ఎంతిచ్చినారు నీకు?"

కోడలు కిసుక్కున నవ్వింది. కండక్టరు బస్సు కొట్టి పిలిచాడు. వసుధ ఎక్కి కూర్చుని కిటికీ అద్దం మూసుకుంది. ఆ వార్డులో ఎవరు గెలిచారో ఆమె తర్వాత కనుక్కోలేదు.