నా మోటారు, మా ఆయన సాన

మా ఆయన నివాల్డో ఇనుప ముక్కలకు ప్రాణం పోస్తాడని మా ఊరు కామగ్వేలో అందరూ చెప్పుకుంటారు. ఆ ప్రాణం నా వాషింగ్ మెషిన్‌లోంచి తీసి పోస్తున్నాడని మాత్రం ఎవరూ చెప్పుకోరు.

చక్కెర మిల్లులో ఉద్యోగం ఉన్నన్నాళ్ళు ఆయనకు లేత్ మెషిన్ ఉండేది. మిల్లు మూతబడ్డాక దాన్ని పాత ఇనుము కింద తూచి పట్టుకెళ్ళారు. ఆయనకు మిగిలింది ముక్కను బిగించి పట్టే ఒక వైసు, ఒక రంపం, కొన్ని ఆకురాళ్ళు. ఆ రోజుల్లోనే నేను మా చెల్లి సొరాయిదా కాన్పుకని హవానా వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వరండాలో బల్లకు ఒక మోటారు బిగించి, దానికి సానరాయి తొడిగి ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"సాన."

"నా మెషిన్?"

"అక్కడే ఉంది. మోటారొక్కటే లేదు."

నన్ను అడగనైనా అడగలేదు. మెషిన్ ఖాళీ తొట్టిలో నేను ఉల్లికాడలు నాటుకున్నాను. బట్టలు రాతిమీద ఉతుక్కున్నాను. ఉతికి ఉతికి నా వేళ్ళు అల్లం కొమ్ముల్లా తయారయ్యాయి.

పనిమంతుడు కాడని అనను. సాన మీద ముక్కను ముతకగా అరగదీస్తాడు. తర్వాత కొవ్వొత్తి మసి పూసి, దాని చోట్లో అమర్చి, తీసి చూస్తాడు. మసి చెదిరిన చోట ఎత్తుందన్నమాట. అక్కడ ఆకురాయి వేస్తాడు. మళ్ళీ మసి, మళ్ళీ ఆకురాయి. పక్కింటి లిబోరియో టాక్సీ నడుపుతాడు. అతని పాత షెవర్లే కారులో ఇప్పుడు అసలు కంపెనీది హారన్ ఒక్కటే. అది మోగదు.

పోయినేడు సొరాయిదా పనామాకు సరుకులు కొనడానికి వెళ్ళి, తువ్వాళ్ళలో చుట్టి నాకో కొత్త మోటారు తెచ్చింది.

"ఇది అక్కది, బావా," అంది గుమ్మంలోనే. "సానకు గీనకు తొడిగావో, మర్యాద దక్కదు."

"నేనేమన్నా దొంగనా?" అన్నాడాయన.

మేమిద్దరం బల్ల మీది సాన వైపు చూశాం.

కొత్త మోటారు పాత మెషిన్‌లో కూర్చోలేదు. బోల్టు రంధ్రాలు ఒకచోట, మోటారు కాళ్ళు ఇంకోచోట. దాన్ని పట్టి ఉంచే ఇనుప చట్రం ఆయనే చేయాలి. కరెంటు ఉన్నప్పుడల్లా సాన మోగింది. ఒకరోజు వరండాలోంచి కాలిన వాసన వచ్చింది. ఏంటని అడిగితే, "నీ బీన్స్ మాడాయేమో చూడు," అన్నాడు. పొయ్యి మీద బీన్స్ లేవు. ఆ తర్వాత ఆకురాయి చప్పుడొక్కటే వినబడింది.

ఉల్లికాడలు పీకేశాను. మెషిన్ తిరిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఉతికిన దుప్పట్లు కూడా మళ్ళీ ఉతికాను. వేళ్ళ నొప్పులు తగ్గాయి. పక్కన కుర్చీ వేసుకుని, ఏదో పెళ్ళి చూస్తున్నట్టు కూర్చునేదాన్ని.

ఒకరోజు లిబోరియో కాలినడకన వచ్చాడు.

"బండేదీ?" అన్నాను.

"స్టీరింగు కింద కడ్డీ విరిగింది. మీ ఆయన రేపు రేపంటున్నాడు. సాన లేకుండా చేత్తో అరగదీయాలంటే రేపు ఎప్పటికి రావాలి, ఎనేయిదా?"

"సానకేమైంది?"

లిబోరియో నాలిక కరుచుకున్నాడు. "నీకు చెప్పొద్దన్నాడు. మోటారు కాలిపోయిందట, నీ మెషిన్ పనిలోనే."

వరండాలోకి వెళ్ళాను. ఆయన కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. వేళ్ళు వాచి ఉన్నాయి. అవి ఎవరి వేళ్ళలా ఉన్నాయో నాకు తెలియదా? ఆనాడు అడక్కుండా తీసుకున్నవాడు, ఈనాడు అడక్కుండా ఊరుకున్నాడు. నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. అది ఆయన కంటబడకుండా మెషిన్ దగ్గరికి వెళ్ళాను.

బోల్టులు నాలుగు. ఆయన చేసినవి గనక సాఫీగా ఊడొచ్చాయి. మోటారును నడుముకు ఆనించి మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"ఇదేంటి?" అన్నాడు.

"సాన."

"నీ మెషిన్?"

"అక్కడే ఉంది. మోటారొక్కటే లేదు."

ఆయన మోటారు వంక చూశాడు, నా చేతుల వంక చూశాడు.

"సొరాయిదా నన్ను చంపుతుంది," అన్నాడు.

"చంపనీ. నీ చేతులు కూడా పడిపోతే ఇంట్లో డబ్బా మూతలు తీసేదెవరు? శనివారం నాకు తిరిగి కావాలి."

"పొద్దున్నా, సాయంత్రమా?"

"పొద్దున్నే."

లిబోరియో బండి కదిలింది. శనివారం నేను లేచేసరికి మోటారు మెషిన్‌లో బిగించి ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీది ఇనుప రజను తుడుస్తున్నాడు. తుడుస్తున్నది ఆయనకున్న ఒక్కగానొక్క తెల్ల చొక్కాతో.

ఆ పూట మొదట ఉతికింది దాన్నే.