ఇసకలో వెతికిన పట్టీ

నా చిన్నప్పుడు మా కోనసీమలో కాసినో అనే మాట ఎవరూ ఎరగరు. మాకు తెలిసిందల్లా గుండాట. తీర్థంలో, అదే మా ఊరి జాతరలో, ఓ మూల ఆరు బొమ్మలు గీసిన గుడ్డ పరిచి, డబ్బాలో పాచికలు గిలకొట్టి, "కాయండి బాబూ కాయండి" అని అరిచే ఆట అది. పాచికల మీద పడిన బొమ్మకి కాసినవాళ్ళకి రెట్టింపు, మిగిలినవాళ్ళకి మొండిచెయ్యి. ఈ వయసులో నిజం కాసినో గుమ్మం దాకా వెళ్ళే రాత నాకుందని అప్పుడెవరైనా చెబితే పడీ పడీ నవ్వేదాన్ని.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మా మామా. కువైట్‌లో ఇంటి యజమానురాలిని మేం అలాగే పిలుస్తాం. అక్కడ సల్వా అనే పేటలో ఆవిడ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మొన్న వేసవిలో ఇల్లంతా జార్జియా దేశంలోని బటూమికి బయలుదేరితే, చక్రాల కుర్చీలో ఉన్న వాళ్ళమ్మగారిని చూసుకోవడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. సముద్రం ఒడ్డున ఊరు, పెద్ద హోటళ్ళలో హోటలుకో కాసినో. మేం దిగిన హోటలు పాతకాలంది. పొద్దున్నే పెద్దావిణ్ణి నాస్తాకి తీసుకెళ్ళాలంటే కాసినో గుమ్మం ముందు నుంచే దారి.

ఆ గుమ్మం దగ్గర నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. ముదురెరుపు మఖమల్ తెరలు, బోర్డు చుట్టూ ఒకదాని వెనక ఒకటి వెలుగుతూ పరుగెత్తే పసుపు బల్బులు, గోడల మీద నలుపు తెలుపు ఫొటోల్లో టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు, ముత్యాల దండలేసుకున్న ఆడవాళ్ళు. లోపల పగలో రాత్రో తెలియని చీకటి, ఎక్కడినుంచో గరగరలాడే పాత పాట. జూదం సంగతి అటుంచితే నా కంటికది అచ్చం సినిమా హాలే. ఇప్పుడో ఇంకాసేపటికో గంట కొడతారు, ఆట మొదలవుతుంది అన్నట్టుండేది. పెద్దావిడకీ అది నచ్చేది, కుర్చీ ఆపమని చెయ్యి ఊపేది. టిక్కెట్టు లేకుండా రోజూ అక్కడ కాసేపు నిలబడి, అప్పుడు నాస్తాకి కదిలేవాళ్ళం.

హోటలు వాళ్ళు ఉచితంగా ఆడుకోమని గదికో బిళ్ళ ఇచ్చారు. మామా దాన్ని నా చేతిలో పెట్టి, "మాకు హరాం. నీకు కాదుగా, యల్లా, వెళ్ళి ఆడుకో" అని నవ్వింది. నేను వద్దన్నాను. భయమా అని అడిగింది. భయం కాదు. ఆ చీకటీ ఆ బల్బులూ చూసిన దగ్గర్నుంచీ మా అమ్మ కాలి పట్టీ ఒకటి గుర్తొస్తూనే ఉంది. నాస్తా బల్ల దగ్గర, నాకొచ్చిన అరబ్బీలో, ఆ సంగతంతా మామాకి చెప్పాను.

నాకప్పుడు పదేళ్ళు. తీర్థం రోజుల్లో మా ఊరి బయట టూరింగ్ టాకీసు డేరా వేసేవాళ్ళు. ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపే పని మా మేనత్తది. మనిషి పీలగా ఉండేది కానీ గొంతు విప్పితే డేరా ఆ చివరిదాకా వినబడేది. ఆ సాయంత్రం మా అమ్మ తన వెండి పట్టీల్లో కొక్కెం ఊడిన ఒకదాన్ని రుమాల్లో మూటగట్టి నాకిచ్చింది. తీర్థంలో కంసాలి కూర్చుంటాడు, బాగు చేయించమని అత్తయ్యకి ఇవ్వమంది. ఆ పట్టీలు మా అమ్మమ్మ కాళ్ళవి. ఆవిడ పోయాక అమ్మకి మిగిలిన గుర్తు అవే.

డేరాకి వెళ్ళే దారిలోనే గుండాట. నా దగ్గర సోడా తాగమని ఇచ్చిన చిల్లర ఉంది. కాశాను, వచ్చింది. మళ్ళీ కాశాను, మళ్ళీ వచ్చింది. నా అంత తెలివైనది జిల్లాలోనే లేదనుకున్నాను. అక్కడి నుంచి వరసగా పోవడమే. చేతిలో ఉన్నదంతా ఊడ్చుకుపోయాక, పోయింది రప్పించాలన్న ఉక్రోషంలో రుమాలు విప్పి పట్టీని జెండా బొమ్మ మీద పెట్టాను. ఆటాయన నా మొహం వంక ఓసారి చూసి డబ్బా గిలకొట్టాడు. జెండా పడలేదు.

గాజుల కొట్ల వెనక చాలాసేపు కూర్చుని, చీకటి పడుతుండగా డేరాకి వెళ్ళాను. పట్టీ ఎక్కడో జారిపోయిందని అత్తయ్య దగ్గర ఏడ్చాను. ఏడుపు నిజమే, మాట అబద్ధం.

"ఏవే, ఎక్కడ పడిపోయింది?" అంది నన్ను ఎగాదిగా చూస్తూ.

దారిలో అంటే వెళ్ళి గుండాటాయన్ని అడుగుతుందని నా భయం. అందుకని, "ఇక్కడే, లోపల ఇసకలో" అనేశాను.

"అయితే ఎక్కడికీ పోదులే, దొరుకుద్ది" అని ఆవిడ ఆపరేటరు దగ్గరికి వెళ్ళింది.

ఆ రోజుల్లో డేరాలో ఎవరికైనా కబురందించాలంటే ఒక పద్ధతుండేది. గాజుపలకకి దీపం మసి పట్టించి, దానిమీద సూదితో అక్షరాలు గీకి, మిషన్లో పెట్టేవాళ్ళు. రీలు మార్చడానికి ఆట ఆపినప్పుడు ఆ రాత తెరంతా పరుచుకునేది. బిడ్డ ఏడుస్తోంది ఇంటికి రావలెను, ఫలానావారి కోసం బయట బండి వేచియున్నది, ఇలాంటివి ఎన్నో చదివాను. ఆ రాత్రి మొదటి రీలు అయ్యాక మనిషెత్తు అక్షరాల్లో నా అబద్ధమే తెర మీదికొచ్చింది. వెండి పట్టీ ఒకటి ఇసకలో పోయినది, దొరికినవారు ఆడవాళ్ళ గేటు వద్ద ఇవ్వగలరు.

ఆడవాళ్ళ వైపు నేల మీద కూర్చున్నవాళ్ళంతా లేచారు. పెట్రోమాక్సు దీపాలు తెప్పించారు. కొంగులు బిగించి, వంగి, వేళ్ళతో ఇసకని కెలకడం మొదలుపెట్టారు. ఒకామె చంకలో పిల్లాణ్ణి దించకుండానే వెతుకుతోంది. చూపు ఆనని ఒక మామ్మ అరిచేతులతో ఇసక తడుముతూ, "మీ అమ్మదా తల్లీ? ఏడవమాక, దొరుకుద్ది" అంది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో ఆట వెయ్యమని కేక పెడితే, "పసిదాని పట్టీ దొరికిందాకా ఆటా లేదు గీటా లేదు, కూర్చో" అని ఇటునుంచి పదిమంది గదమాయించారు. వాళ్ళంతా పొద్దుటినుంచీ పొలంలో నడుములు విరిగేలా పనిచేసి, కాసేపు సుఖంగా కూర్చుందామని వచ్చినవాళ్ళు. లేని వస్తువు కోసం వాళ్ళు అలా వెతుకుతుంటే చూడటం నా వల్ల కాలేదు. అంతకుముందు వచ్చింది భయం. అప్పుడొచ్చింది సిగ్గు. పరుగెత్తుకెళ్ళి అత్తయ్య చెవిలో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ బొడ్డులో దోపుకున్న పట్టీ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు రాకముందే గుండాటాయన, ఇది నీ మేనకోడలిదేగా అని తెచ్చి ఇచ్చేసాడే. కాయనివ్వకపోతే ఇంకో పాకలో కాసేద్ది, అక్కడైతే ఇక రాదు అన్నాడు. పసిపిల్ల సొత్తు ఆయనకొద్దంట."

"మరి ఇందాకే ఎందుకు చెప్పలేదు?" అని ఏడుస్తూనే అడిగాను.

"నువ్వు చెప్పిందాకా అది పోయినట్టేగదే" అంది. తర్వాత వంగి ఉన్న ఆడవాళ్ళ వంక చూసి, "ఇంతమంది చేత ఇసక తవ్వించిన పాపంలో నాకూ వాటా ఉంది. పద, ఇద్దరం తీర్చుకుందాం" అంది.

పట్టీ దొరికినదని తెర మీద రెండో రాత పడింది. డేరా మొత్తం చప్పట్లు. ఆ చప్పట్లకి నేను తలెత్తలేకపోయాను. అత్తయ్య మంచినీళ్ళ బిందె చంకనెత్తుకుంది, నా చేతికి గ్లాసిచ్చింది. వెతికిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి నీళ్ళిచ్చాం. గ్లాసందుకునే చేతుల్లో గోళ్ళ నిండా ఇసక. చూపానని మామ్మ నీళ్ళు తాగి, తడి చేత్తో నా తల నిమిరి, మీ అమ్మ అదృష్టవంతురాలు అంది. ఆ చెయ్యి ఇప్పటికీ నా నెత్తి మీద ఉన్నట్టే ఉంటుంది.

నా తప్పు అత్తయ్య ఎవరికీ చెప్పలేదు. అమ్మకి మాత్రం నన్నే చెప్పమంది. ఆ పూటే చెప్పాను. అమ్మ రెండు దెబ్బలు వేసి, తర్వాత అన్నం పెట్టింది.

మామా ఇదంతా విని చేతిలో కప్పు బల్ల మీద పెట్టింది. "అయితే ఆ గౌను..." అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ మర్చిపోలేదన్నమాట. నేను పనిలో చేరిన మొదటి ఏడు, మామా తన కూతురి నిశ్చితార్థానికి కుట్టించుకున్న పట్టు గౌనుని ఇస్త్రీ చేస్తూ కాల్చేశాను. దాచెయ్, అడిగితే లాండ్రీవాళ్ళ మీదికి తోసెయ్, లేకపోతే నీ పని ఖలాస్ అని తోటి పనామె నా మేలుకోరే చెప్పింది. నిజంగానే ఖలాస్ అయ్యేది. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లలు నా జీతం మీదే ఉన్నారు. అయినా ఆ గౌను కోసం ఇంట్లో ఒక్కరు కూడా వెతుకులాట మొదలుపెట్టకముందే, కాలిన గౌను చేతుల మీద వేసుకుని మామా ముందు నిలబడ్డాను. ఆ పూటంతా కేకలేసింది. పంపించెయ్యలేదు.

అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకి నేను చెప్పుకోవలసిన కృతజ్ఞత మాటల్లో పట్టేది కాదు. ఈ కువైట్ దేశంలో ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు పనిమనిషినే అడుగుతారు. ఆ అడగడంతోనే కొందరి బతుకులు తెల్లారిపోవడం రిగ్గై పేటలో మా తెలుగువాళ్ళు ఉండే గదుల్లో కళ్ళారా చూశాను. మామా కూడా ముందు నన్నే అడుగుతుంది. నేను చూడలేదు అంటే, ఇంట్లో ఇంకెవర్నీ అడగకుండా, "సరే, ఇద్దరం వెతుకుదాం పద" అని నాతోపాటు తనూ వంగుతుంది.