నాలుగు ఆదివారాల ఇన్‌స్పెక్టరు

పదమూడేళ్ళుగా ఒక నోటు పుస్తకాన్ని బీరువాలో పంచెల కింద దాచి ఉంచాను. తూస్తే పావుకిలో కూడా ఉండదు. అయినా ఆ బీరువా తలుపు తీసిన ప్రతిసారీ నాకు ఆయాసం వచ్చేది. ఇవాళ దాన్ని బయటికి తీశాను. మొదటి పేజీలో, నా చేతిరాతలోనే, నాకు జరిగిన అన్యాయాల పట్టిక ఉంది. అక్షరం మార్చకుండా ఇస్తున్నాను.

1993 జూన్, చివరి వారం. ఒక ఫ్రెంచి దర్శకుడు తీసిన నాలుగు చిత్రాలు మా చలనచిత్ర సమాజానికి హైదరాబాదు నుంచి రైల్లో, రేకు డబ్బాలలో వచ్చాయి. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు ఉండవలసిన ప్రింట్లు. ఒక్క అక్షరం లేదు. నేను రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రాలేదు.

జూలై, మొదటి ఆదివారం. అధ్యక్షులు నన్ను ఒక్క మాట అడగకుండా, “మన కార్యదర్శిగారిది యానాం. ఫ్రెంచి ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. బొమ్మ నడుస్తుంటే మైకులో తెలుగు చెప్తారు” అని నిండు సభలో ప్రకటించారు. నాది యానాం కాదు.

రెండో ఆదివారం. ఏకధాటిగా మాట్లాడిన మనిషికి విరామంలో టీ మిగల్చలేదు.

మూడో ఆదివారం. రాత్రి షిఫ్టు దిగి తిన్నగా హాలుకు వచ్చిన ఒక వెల్డరు, హెల్మెట్ తలకింద పెట్టుకుని, మైకు పక్కనే పడుకుని గురక పెట్టాడు. అది యుద్ధఘట్టం కావడంతో ఆ గురకను దూరపు ఫిరంగులుగా వివరించవలసి వచ్చింది.

నాలుగో ఆదివారం. జోసఫ్ మాస్టారు ప్రదర్శన మధ్యలో లేచి నిలబడి, నన్ను ఆపమన్నారు.

పట్టిక ఇంతటితో అయిపోయింది. మొదటి నాలుగూ అన్యాయాలే. వాటికి ఈనాటికీ నాకు క్షమాపణ రావలసి ఉంది. ఐదోది అన్యాయం కాదు. ఆ సంగతి రాస్తున్నప్పుడే నాకు తెలుసు. తెలిసి ఎందుకు రాశాను? పట్టికలో చేరిస్తే ఎంతటి పనైనా పక్కవాడి తప్పులా కనిపిస్తుంది. అందుకే రాశాను.

మీరెవరో నాకు తెలియదు. ఇది చదువుతున్నారు కనుక నా మనిషి అనుకుంటున్నాను. పేరు రాయడం లేదు. అయినా ఉక్కునగరంలో ఆ రోజుల్లో ప్రతి గోడ మీదా ‘కార్యదర్శి’ అని సంతకం చేసి కాగితాలు అంటించిన మనిషి ఒక్కడే. పేరు దాచి ఏం లాభమో నాకే తెలియడం లేదు.

నాకు ఫ్రెంచి రాదు.

ఈ మూడు మాటలు రాయడానికి పదమూడేళ్ళు పట్టింది. మా ఊరు యానాంకి ఎదురుగా, గోదావరి ఆవలి ఒడ్డున ఉంది. చిన్నప్పుడు పడవ దాటి యానాం వెళ్ళి, అక్కడి పోలీసుల ఎర్రటోపీలు చూసి, మళ్ళీ పడవెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. ఫ్రెంచి సంస్కృతిలో నేను చదువుకున్నది ఆ టోపీ రంగు వరకే. స్టోర్స్ విభాగంలో చేరిన కొత్తలో ఎవరో “మీదే ఊరండీ” అంటే, మా ఊరు పేరు ఎవరికీ తెలియదు కాబట్టి “యానాం దగ్గర” అన్నాను. ఏడాది తిరిగేసరికి ‘దగ్గర’ రాలిపోయి యానాం మిగిలింది. నేను దిద్దలేదు. బోల్టు కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా సరుకు వెనక్కి పంపిన మనిషిని, నా సొంత ఊరి విషయంలో అంత తేడాను ఎలా ఒప్పుకున్నాను? అధ్యక్షులు మైకు చేతికిచ్చినప్పుడైనా “రాదండీ” అని ఉండవచ్చు. మూడు వందల మంది చప్పట్లు కొడుతున్నారు. మైకు నా చేతిలోకి వచ్చేసింది. గొంతు సవరించుకున్నాను.

మొదటి చిత్రం హత్యల కథ. పొడుగాటి మనిషి, వంకర ముక్కు, పొడుగు కోటు. ఇతను ఇన్‌స్పెక్టరు రాబర్టు అన్నాను. అంతవరకు పొరపాటు లేదనే అనుకుంటున్నాను. హంతకుణ్ణి మాత్రం నేనే నిర్ణయించాను.

చిక్కు రెండో ఆదివారం వచ్చింది. మన దగ్గర పౌరాణికాలు తీసే ఆయన పౌరాణికాలే తీస్తాడు. ఏడిపించే ఆయన చివరిదాకా ఏడిపిస్తాడు. ఇల్లు కట్టే మేస్త్రీ ఒక వారం ఇల్లూ, ఒక వారం పడవా, ఒక వారం వీణా చెయ్యడు కదా. ఈ ఫ్రెంచి ఆయన పేరును నేను నాలుగు ఆదివారాలూ నాలుగు రకాలుగా పలికాను. ఆయన కూడా నాలుగు రకాల సినిమాలు తీసి పెట్టాడు. రెండోది హోటల్ వంటగదిలో నడిచే హాస్యం. తెర మీద అదే పొడుగాటి మనిషి, అదే వంకర ముక్కు, చేతిలో గరిటె. హాలు వెనకనుంచి క్రేను నడిపే అప్పలరాజు గట్టిగా అరిచాడు.

“ఒలమ్మో! ఇనస్పెట్రు గరిటట్టుకున్నాడేటి బావా?”

మూడు వందల తలకాయలు నావైపు తిరిగాయి. ఏం చెయ్యమంటారు? “మారువేషం” అన్నాను.

ఆ ఒక్క మాటతో నాలుగు సినిమాలు ఒక్క సినిమా అయిపోయాయి. వంటగదిలో పింగాణీ పళ్ళాలు పగులుతుంటే సోదా జరుగుతోందన్నాను. మూడోది యుద్ధం, అది రాబర్టు పడుచుతనం నాటి ఫ్లాష్‌బ్యాక్. నాలుగోదాంట్లో అందరూ అన్నిటికీ పాడతారు, రొట్టె కొనడానికి కూడా పాడతారు. తలకు దెబ్బ తగిలి రాబర్టు ఆస్పత్రిలో కల కంటున్నాడన్నాను. “నాను ముందే సెప్పినానా, ఆడు వంటోడు కాడని!” అని అప్పలరాజు ఊరంతా చాటాడు. నాలుగో ఆదివారానికి పొద్దుటి షిఫ్టు వాళ్ళు డ్యూటీలు మార్చుకుని వచ్చారు. కిటికీలలో కూడా జనం. నాకు సంతోషం వేసింది. అది కూడా ఒప్పుకోవాలి. నా జీవితంలో నేను రాసినవన్నీ ఫైళ్ళలోకి పోయాయి. నోటికొచ్చింది చెబితే మాత్రం మనుషులు కిటికీలెక్కి విన్నారు.

జోసఫ్ మాస్టారు టౌన్‌షిప్ బడిలో లెక్కలు చెప్పేవారు. మాకు రెండు సందుల అవతల క్వార్టరు. మూడు ఆదివారాలూ స్పీకరుకు దూరంగా, మొదటి వరుస చివరి కుర్చీలో, తల పక్కకు వంచి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పాపం చెవుడు కాబోలు అనుకున్నాను. మూడో ఆదివారం విరామంలో నా దగ్గరకు వచ్చారు.

“మీ కథ చాలా బావుందండి. రాబర్టు ఏమైపోతాడోనని మా ఆవిడ బెంగపెట్టేసుకుంది.”

“సంతోషమండీ.”

“వచ్చే ఆదివారం ఒక్క రీలుకి మైకు ఆపగలరా?”

“ఎందుకండీ?”

“నాది యానామండి. నిజం యానాం. ఫ్రెంచోళ్ళు వెళ్ళిపోయేదాకా ఆ బళ్ళోనే చదివాను. మా నాన్నగారు నాతో ఆ మాటే మాట్లాడేవారు. అది చెవిన పడి నలభై ఏళ్ళు కావస్తోందండి. మైకు వెనకాల ఎక్కడో వినపడుతుంది, పట్టుకుందామంటే దొరకట్లేదు.”

“మరి... కథ?” అన్నాను.

ఆయన నవ్వారు. “కథ మీరే ఉంచుకోండి. మాటలు నాకిచ్చెయ్యండి.”

అది బెదిరింపు కాదు. ఇప్పుడు రాస్తుంటే అందులో బెదిరింపు వెతికినా కనపడదు. ఆనాడు నాకు అది తప్ప మరేమీ వినపడలేదు. “ఏదైనా లిఖితపూర్వకంగా ఇవ్వాలండీ. నిబంధన” అన్నాను. ఆయన అక్కడికక్కడే జేబులోంచి గళ్ళ కాగితం తీసి ఒక్క వాక్యం రాసి ఇచ్చారు. వీధి దీపం గురించి వచ్చిన ఆకాశరామన్న ఉత్తరానికి కూడా జవాబు రాసి నోటీసు బోర్డులో పెట్టినవాణ్ణి నేను. ఆ గళ్ళ కాగితానికి జవాబు రాయలేదు. ఈ నోటు పుస్తకంలో దాచాను.

నాలుగో ఆదివారం, చివరి రీలు. రైలు స్టేషను, వాన. అంతసేపూ పాడుతూ ఉన్న ఆ అమ్మాయి ప్లాట్‌ఫారం మీద ఉన్నట్టుండి పాట ఆపేసింది. సినిమా మొత్తంలో మొదటిసారి మామూలుగా, మెల్లగా, అతని మొహంలోకి చూస్తూ మాట్లాడింది. ఒక నిమిషం ఉంటుంది. నేను మైకులో చెబుతున్నాను: “ఇన్‌స్పెక్టరుగారూ, మీకు డీఎస్పీగా ప్రమోషన్ వచ్చింది. బదిలీ మాత్రం తప్పదు...”

జోసఫ్ మాస్టారు లేచి నిలబడ్డారు. చేతులు జోడించారు. “ఒక్క నిమిషం ఆపండి బాబూ, దణ్ణం పెడతాను.” చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. తెర వెలుగులో హాలంతటికీ కనిపించాయి.

“కూకోండి మాస్టారూ!” అప్పలరాజు గొంతు. “పెమోసనొచ్చిందంటే ఏడుత్తారేటి?”

హాలు ఘొల్లుమంది.

నేను ఆపవచ్చు. మీట నా బొటనవేలి కిందే ఉంది. ఒక్క నిమిషం ఆపితే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, కథ కూడా నా దగ్గరే ఉండేది. ఆయన ఇస్తానన్నది అదే కదా. నేను మైకు శబ్దం పెంచాను. ఆమె నోరు కదులుతూనే ఉంది. నేను ఆమెకన్నా గట్టిగా మాట్లాడాను. రైలు వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం మినిట్స్ పుస్తకంలో ‘శ్రీ జోసఫ్‌గారు ప్రదర్శనకు అంతరాయం కలిగించి, సభామర్యాదను భంగపరచినందున’ అని మొదలుపెట్టి, ఆయన సభ్యత్వం రద్దు చేయించాను. వాక్యం చక్కగా కుదిరిందని అప్పట్లో తృప్తి పడ్డాను కూడా. ఆయన ఎదురు మాట్లాడలేదు. ఎవరికీ నా గుట్టు చెప్పలేదు. మళ్ళీ హాలుకు రాలేదు. ఆదివారం ఉదయాలు మా సందు చివర నిలబడి, హాలువైపు వెళ్ళేవాళ్ళకు నమస్కారం పెట్టేవారు. నాక్కూడా పెట్టేవారు.

రెండేళ్ళ కిందట పూర్ణా మార్కెట్లో వంకాయలు ఏరుతూ కనిపించారు. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి, పక్కన సంచి పట్టుకున్న భార్యకు వేలెత్తి చూపించి, “ఐదో భాగం ఎప్పుడండీ?” అన్నారు. నవ్వుతూనే. నేను ములక్కాడలు కొనకుండా బస్సెక్కేశాను. ఇంట్లో ఎందుకని అడిగితే ధర ఎక్కువన్నాను. అదీ అబద్ధమే.

ఇప్పుడు సమాజానికి ఇరవై ఏళ్ళు నిండాయి. వచ్చే నెల సభ. నాకు శాలువా కప్పి ‘ఫ్రెంచి చిత్ర వ్యాఖ్యాత’ అని బిరుదు ఇస్తారట. ప్రత్యేక సంచికలో రాబర్టు కథ నాలుగు భాగాలూ అచ్చు వేస్తామని, రాసి ఇమ్మని అడిగారు. దాని బదులు ఇది పంపుతున్నాను. క్షమించమని అడగడం లేదు. అడిగే ముఖం లేదు. రాశాక ఆయాసం కాస్త తగ్గింది, అంతే.

ఇక కార్యవర్గానికి: జోసఫ్‌గారి సభ్యత్వం రద్దు చేసిన సదరు తీర్మానాన్ని కొట్టివేసి, దానికి కారణం నా అబద్ధమేనని అదే మినిట్స్ పుస్తకంలో నమోదు చేసి, నకలు నాకు పంపవలెను. రెండో ఆదివారం టీ విషయం కూడా పరిశీలించవలెను.

శ్రీ జోసఫ్ మాస్టారికి: తమరు గళ్ళ కాగితం మీద ఇచ్చిన వినతికి పదమూడేళ్ళపాటు జవాబు ఇవ్వని మనిషిని, తమరినుంచి జవాబు కోరే హక్కు నాకు లేదు. అయినా కోరుతున్నాను. నాలుగో చిత్రం, చివరి రీలు, రైలు ప్లాట్‌ఫారం. పాట ఆపి ఆ అమ్మాయి అతనితో ఏమన్నది? ఈ ఉత్తరం అందిన పదిహేను రోజులలోగా లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలెను. తెలుగు చెయ్యనక్కర్లేదు, ఫ్రెంచిలోనే రాయండి. నాకు చదవడం రాదు కనుక, సభ రోజున తమరే వచ్చి చదవవలసి ఉంటుంది.

మైకు ఉండదు.