టబ్బులో నీళ్లు మార్చను

తార్నాకలో మా మేడ మీద వేడినీళ్ల టబ్బు పెట్టించుకుంటే వీధిలో నన్ను మహారాణి అన్నారు. అననీ. కీళ్లవాతంతో పొద్దున్నే నా వేళ్లు బిగుసుకుపోయేవి. ఆ నీళ్లలో కాసేపు కూర్చుంటేనే విచ్చుకునేవి. విచ్చుకుంటేనే యూనివర్సిటీలో బోర్డు మీద రాసి కెమిస్ట్రీ చెప్పగలను. లేదంటే ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చోవాలి. అది నాకు చేతకాని పని.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. క్యాంపస్‌లో క్లాసు జరిగితే జరిగినట్టు, లేకపోతే లేదు. ఇక్కడివాళ్లు ప్రత్యేక రాష్ట్రం అడగడంలో న్యాయముందని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కడప జిల్లాదాన్ని, నీళ్లు దక్కని కోపం ఎలా ఉంటుందో నాకొకరు చెప్పాలా? కానీ మా కాలనీ పెద్దాయన ఆ కోపాన్ని తెచ్చి నా టబ్బు మీద పెట్టాడు.

"మేడం, మాకు నల్లా దినం తప్పి దినం వస్తున్నది. మీరు గీడ చెరువు పెట్టుకున్నరు" అన్నాడు.

ఒకసారి నింపితే నెలల తరబడి అవే నీళ్లని చెప్పాను. అయితే ఆ మురుగులో ఎలా కూర్చుంటారని మొహం చిట్లించాడు. మారిస్తే దుబారా, మార్చకపోతే మురుగు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

మురుగు ఎందుకవుతుంది? రోజూ గాజు గొట్టంలో కాసిని నీళ్లు తీసి మందు చుక్కలు వేసి చూసేదాన్ని. పసుపు రంగు వెలిసిపోతే క్లోరిన్ చాలనట్టు, ఎరుపు ముదిరితే క్షారం ఎక్కువైనట్టు. ఫిల్టరు విప్పి కడిగేదాన్ని. తలనూనె దిగకుండా ముందు కుళాయి కింద స్నానం చేసేదాన్ని. శుక్రవారం కాళ్లకు పసుపు కూడా మానేశాను. మా అత్తగారు నన్ను దానికే ఎక్కువ సాధించింది.

టబ్బుకు వాడే క్లోరిన్ ముషీరాబాద్‌లో ఒక్క షాపులోనే దొరికేది. బంద్ మీద బంద్ వచ్చి ఆ షాపు తెరవలేదు. నా డబ్బా అడుగంటింది. నీళ్లు మసకబారాయి, మూత తీస్తే వాసన. పారబోస్తే వీధిలోకే పోతాయి, బిందెలతో నిలబడ్డవాళ్ల కాళ్ల ముందు నుంచి. ఆ తర్వాత మళ్లీ నింపనిస్తారా? చచ్చినా పారబొయ్యనని భీష్మించుకున్నాను.

మా ఆయన పటిక తెచ్చారు. వానాకాలం ఏటి నీళ్లు తేటపడాలని మా ఊళ్లో బిందెలో తిప్పేదే. నవ్వొచ్చింది గానీ, తప్పేముంది? కరిగించి కలిపి, నీళ్లు తిప్పే మోటరు ఆపేశాం. తెల్లారేసరికి మడ్డి అడుగుకు దిగింది. సన్న పైపుతో దాన్ని మాత్రం బకెట్‌లోకి లాగేశాను. పటిక నీళ్లను ఆమ్లం వైపు లాగుతుంది, బ్లీచింగ్ పౌడరు క్షారం వైపు. క్లోరిన్ కూడా అందులోనే ఉంటుంది. లాలాపేట్ కిరాణా కొట్టు వెనక తలుపు నుంచి ఆ పౌడరు సంపాదించి, కరిగించి, పైన తేరుకున్న నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రంగు చూస్తూ కూర్చున్నాను. చివరికి రెండు రంగులూ కుదిరాయి. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

మర్నాడు పెద్దాయన నలుగురిని వెంటేసుకుని మేడెక్కాడు. మొన్న వాసన కొట్టిందట, దోమలు పెరుగుతాయట, ఇప్పుడే ఖాళీ చెయ్యాలట. గాజు గొట్టం చూపించాను.

"గా రంగులు మాకెందుకు మేడం? రేపు రాష్ట్రమొస్తే ఎట్లయినా మీరు పోయేటోళ్లే గద" అన్నాడు.

ఒళ్లు మండింది. వీళ్ల పిల్లలకు పాఠాలు చెబుతూ జుట్టు నెరిసినదాన్ని. కొంగు నడుముకు బిగించి, చీరతోనే టబ్బులోకి దిగి మెడదాకా కూర్చున్నాను. మగవాళ్లంతా గబుక్కున గోడవైపు తిరిగారు.

"అన్నా, ఊరంతా ధర్నాలే కదా, ఇది నాది. నీళ్లు వదిలే బిరడా నా కాళ్ల కింద ఉంది, తీయగలిగితే తీయండి" అన్నాను.

"బయటికి రాండ్రి మేడం, మంచిగ కనిపిస్తలేదు" అన్నాడాయన, గోడతో చెబుతున్నట్టు.

"నేనూ పోను, నీళ్లూ పోవు."

చివరికి వాళ్లే మెట్లు దిగిపోయారు.