మా పిల్లి పేరు తాతగారు

ఆ రోజుల్లో పై చదువులకి విదేశం వెళ్లొచ్చిన వాళ్లని, అక్కడ దేని మీద బెంగగా ఉండేదని అడిగితే, అమ్మ మీద అనో ఆవకాయ మీద అనో చెప్పి కళ్లు తుడుచుకునేవారు. నేను అలా తుడుచుకున్నదాన్ని కాను. నాకు బెంగ కన్నా కోపం ఎక్కువ. ఆ కోపం దేశం మీదా కాదు, చదువు మీదా కాదు, చేప తలకాయ మీద. నవ్వే వాళ్లు నవ్వుకోవచ్చు. భీమవరం చుట్టుపక్కల, చేపల చెరువులున్న ఇంట్లో ఆడపిల్లగా పుట్టి పెరిగిన వాళ్లు మాత్రం నవ్వరు, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంటారు.

మా ఇంట్లో బొచ్చె చేప పులుసు పెట్టిన రోజున తలకాయ తాతగారిది. ఆయనకి ఆ పూట తినాలనిపించకపోతే నాన్నగారిది. నాన్నగారు ఊళ్లో లేకపోతే మా తమ్ముడిది (వాడికి అప్పటికి ముల్లు తీసుకోవడం కూడా రాదు, పక్కన కూర్చుని నాయనమ్మ తీసి పెట్టేది). చుట్టపుచూపుగా ఎవరొచ్చినా, మగవాడైతే చాలు, తలకాయ మర్యాదగా ఆయన కంచంలోకి వెళ్లిపోయేది. నాకు తోక ముక్క. ఎందుకని అడిగితే, ఆడపిల్లలు తలకాయ తింటే ఎదురు మాట్లాడే బుద్ధులొస్తాయని నాయనమ్మ చెప్పేది. నేను తినకుండానే ఎదురు మాట్లాడుతున్నాను కదా, ఇక తింటే కొత్తగా వచ్చే నష్టమేంటని అడిగాను. ఆ పూట తోక ముక్క కూడా తమ్ముడి కంచంలోకే వెళ్లింది.

అలాంటి నేను ఇంజనీరింగ్ అయ్యాక, ఇంట్లో అందరితో పోట్లాడి, రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో స్కాట్లండులో అబర్డీన్ అనే ఊళ్లో ఎమ్మెస్సీకి చేరాను. ఊరంతా బూడిదరంగు రాయి. పైన ఆకాశం కూడా అదే రంగు. సముద్రం మీంచి వచ్చే గాలికి గొడుగు వేస్తే గొడుగుతో పాటు మనమూ పోతాం. నాతో పాటు గదిలో ఉన్న అమ్మాయిది జంగారెడ్డిగూడెం. వాళ్లకి జీడిమామిడి తోటలుండేవి, ఆ పిల్ల పెట్టెలో సగం బట్టలు, సగం జీడిపప్పు. టీలో తప్ప అన్నిటిలోనూ జీడిపప్పే వేసేది కాబట్టి నేను దాన్ని జీడిపప్పు అనే పిలిచేదాన్ని. మంచిదే, కాకపోతే మహా భయస్తురాలు. తను వెళ్లి తలుపుకి గుద్దుకున్నా తలుపుకే సారీ చెప్పే రకం. మేమిద్దరం ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గది తీసుకున్నాం. ఆవిడని మేము చాటుగా దొరసానమ్మ అనుకునేవాళ్లం. ఆవిడ గది ఇచ్చేటప్పుడు ఒకే షరతు పెట్టింది. ఇంట్లో జంతువులు ఉండకూడదు, పిల్లి అసలే ఉండకూడదు, ఉంటే తనకి తుమ్ములొస్తాయి. మేము తలలూపాం. పుస్తకాలు మోసుకురాలేక ఛస్తుంటే పిల్లిని ఎక్కడ మోస్తాం.

రేవు దగ్గర ఒక చేపల కొట్టుండేది. సముద్రం పక్కనున్న ఊరు కదా, చేపలు బాగుంటాయని మొదటి శనివారమే జీడిపప్పుని లాక్కుని వెళ్లాను. చేపలున్నాయి కానీ చేపల్లా లేవు. తలా లేదు, తోకా లేదు, తోలు లేదు, ముల్లు లేదు. ఐసు మీద తెల్లగా ముక్కలు పేర్చి ఉన్నాయి, అది చేపో పనీరో చెప్పడం కష్టం. ఉసూరుమని వెనక్కి తిరగబోతుంటే, కొట్టు వెనకాల ఒక తొట్టిలో సాల్మన్ తలకాయలు కనిపించాయి. ఒక్కొక్కటీ మా చెరువులో బొచ్చె తలకాయంత ఉంది, కళ్లు నిగనిగలాడుతున్నాయి. అవన్నీ పారేయడానికట. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అవి ఇస్తారా అని కొట్టాయన్ని అడిగాను. దేనికని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపలే జీడిపప్పు వణుకుతూ "పిల్లికండి" అనేసింది (ఇంగ్లీషులోనే అంది, కానీ ఆ అండి మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది). కొట్టాయన ముఖం విచ్చుకుంది. ఆయనా పిల్లుల మనిషేనట. మీ పిల్లి పేరేంటని అడిగాడు. జీడిపప్పుకి పేరు తోచలేదు. నాకేమో ఒళ్లు మండిపోతోంది. చిన్నప్పట్నుంచి మగవాళ్ల వాటా అని నాకు పెట్టని తలకాయ, తీరా సముద్రాలు దాటి వస్తే పిల్లి వాటా అయి కూర్చుంది. ఆ మంటలో, మా ఇంట్లో తలకాయ ఎవరిదో ఆ పేరే చెప్పేశాను. "తాతగారు" అన్నాను.

ఆయన ఆ పేరుని రెండుమూడుసార్లు నోట్లో తిప్పుకుని, చాలా బాగుందన్నాడు. అప్పట్నుంచి ప్రతి శనివారం నేను వెళ్లేసరికి తలకాయలు కాగితంలో చుట్టి సిద్ధంగా ఉండేవి. టాటాగారూ ఎలా ఉన్నారు, టాటాగారూకి సాల్మన్ నచ్చిందా, లేక కాడ్ చేప పెట్టమంటారా అని క్షేమసమాచారాలు అడిగేవాడు. నేనూ గంభీరంగా జవాబు చెప్పేదాన్ని. టాటాగారూకి పులుపు ఇష్టమని ఒకసారి చెప్పాను, ఆయన చాలాసేపు ఆలోచనలో పడ్డాడు. ఇంటికొచ్చాక మొప్పలు తీసి, ఉప్పూ పసుపూ రాసి కడిగి, అమ్మ కట్టిచ్చిన చింతపండు నానబెట్టి, ఎండుమిరపకాయలూ మెంతులూ తాలింపు వేసి పులుసు పెట్టేదాన్ని. మొదటిసారి తలకాయ నా కంచంలో పడ్డప్పుడు ఏడుపొచ్చిన మాట నిజం. చెంప కింద మెత్తటి కండ, కంటి వెనకాల కొవ్వు, ఎముకలో దాగిన రసం, ఇన్నాళ్లూ వీళ్లందరూ నోరు మెదపకుండా తిన్నది ఇదా అనిపించింది. జీడిపప్పు మాత్రం దూరంగా కూర్చుని ముల్లు లేని ముక్కలే తినేది. కింద నుంచి దొరసానమ్మ తుమ్ములు వినిపిస్తుండేవి. పాపం ఆవిడకి జలుబు వదలడం లేదనుకునేవాళ్లం.

చలి ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆవిడ మేడెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. రేవు దగ్గర కొట్టాయన ఆవిడకి ఎప్పట్నుంచో తెలుసట. మీ ఇంట్లో అమ్మాయిల పిల్లి భలే తిండిపోతని అభినందించాడట. పిల్లి ఎక్కడ అని అడిగింది. పిల్లి లేదని నేను చెప్పాను. ఆవిడ నమ్మలేదు. అప్పుడే తాలింపు దింపి ఉన్నాను, గది నిండా ఘాటు. ఆవిడ లోపలికి అడుగుపెట్టగానే గట్టిగా తుమ్మి, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలన్నట్టు నా వైపు చూసింది. ఆ తరవాత జరిగింది నేను బతికున్నంతకాలం మర్చిపోను. ఆ పెద్దావిడ మోకాళ్ల మీద వంగి మంచం కింద చూస్తూ, నాలుకతో చప్పుడు చేస్తూ, "టాటాగారూ, టాటాగారూ" అని ముద్దుగా పిలిచింది. బీరువా వెనకా పిలిచింది. పరదా ఎత్తి కూడా పిలిచింది. మా తాతగారిని అంత ప్రేమగా మా నాయనమ్మ కూడా ఎప్పుడూ పిలిచి ఉండదు. ఎక్కడా దొరక్కపోయేసరికి లేచి బట్టలు దులుపుకుని, ఆదివారం భోజనాల వేళకి మళ్లీ వస్తాను, అప్పటికి పిల్లి అయినా వెళ్లాలి, మీరైనా వెళ్లాలి అని చెప్పి తుమ్ముకుంటూ దిగిపోయింది.

ఆ చలిలో, చదువు మధ్యలో, ఇంకో గది దొరకడం జరిగే పని కాదు. జీడిపప్పు మంచం మీద కూలబడి ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఉపాయం చెప్పింది.

"పోనీ, చచ్చిపోయిందని చెప్పేద్దామే. ఏ కారు కిందో పడిందని చెప్పేద్దాం."

"మా తాతగారు కారు కింద పడ్డారని నేను చెప్పనే."

"పిల్లి గురించి కదే చెప్పేది."

"ఎవరైతే ఏంటి? పిల్లి చచ్చిపోయాక ఆయన తలకాయలిస్తాడా? తినేది నేనేనని చెప్తాను."

ఆ మాటకి దానికి పై ప్రాణాలు పైనే పోయాయి. వీళ్లు పారేసేది మనం తింటున్నామని తెలిస్తే ఎంత చులకనగా చూస్తారు, నీకేం పోయింది, నా పరువు కూడా పోతుంది, పిల్లి ఉందంటే ఒక వారం టైమైనా ఇస్తుంది, ఇది తెలిస్తే ఆ క్షణమే గెంటేస్తుంది అంది. అందులో అబద్ధం లేదు, నాకూ భయంగానే ఉంది. కానీ మా ఇంట్లో అందరికన్నా పెద్దమనిషికి వడ్డించే ముక్కని, పిల్లి తిండి అని ఒప్పుకుని తలదించుకోవడం నా వల్ల కాదు. దాని కోసం ఊళ్లో నాయనమ్మతో పోట్లాడాను. ఇక్కడ దొరసానమ్మతో పోట్లాడలేనా. గది పోతే పోనీ, రేవులో పడవల కింద పడుకుంటానన్నాను. (పడుకుంటే తెల్లారేసరికి గడ్డకట్టి ఉండేదాన్నని ఇప్పుడు తెలుసు. ఆ వయసులో ఎవరు లెక్కచేస్తారు.)

ఆదివారం పొద్దున్నే అన్నిట్లోకీ పెద్ద తలకాయ ఏరి పులుసు పెట్టాను. ఆవిడ వచ్చేసరికి బల్ల మీద ఒక్క కంచం, అందులో అన్నం, అన్నం మీద తలకాయ. జీడిపప్పు కిటికీ దగ్గర గోడకి అతుక్కుపోయి ఉంది. ఆవిడకి కుర్చీ చూపించి కూర్చోమన్నాను. పిల్లి ఎక్కడని అడిగింది. "పిల్లి ఎప్పుడూ లేదండి. ఆ తలకాయలన్నీ తిన్నది నేనే. మా ఇంట్లో ఇది గౌరవమైన ముక్క" అని చెప్పి, జవాబు కోసం ఆగకుండా చేత్తో తినడం మొదలుపెట్టాను. అంత పట్టుదలగా నేను ఏ పరీక్షా రాయలేదు. చెంప కండ తీసి తిన్నాను. కన్ను తిన్నాను. ఎముక విరిచి, చప్పుడొచ్చేలా జుర్రాను. ఆ చప్పుడు కొంచెం కావాలనే చేశాను. ఆవిడ మధ్యలో రెండుసార్లు తుమ్మింది, పులుసు గిన్నె వైపు చూసి, ఆ తుమ్ములు ఎక్కడివో గ్రహించినట్టు తలాడించింది.

చివరికి ఆవిడ నెమ్మదిగా, వాళ్లది చేపలు పట్టే వాళ్ల ఊరని చెప్పింది. చేప ముక్కలు అమ్మకానికి పోయేవట, తలలు ఇంట్లో మిగిలేవట, వాళ్ల నాయనమ్మ వాటిలో ఓట్సూ ఉల్లిపాయలూ కూరి ఉడకబెట్టేదట. "ఆవిడా ఇలాగే తినేది. కానీ వీధిలో వాళ్లు చూస్తారని తలుపు వేసుకుని తినేది" అంది. ఆ తరవాత కొంచెంసేపు కంచంలో ఎముకల వైపే చూసింది. నేను కొంచెం పులుసు గిన్నెలో పోసి ముందు పెడితే, కారమని చెప్పినా వినకుండా స్పూనుతో తాగి, కళ్ల నీళ్లు పెట్టుకుని, ఇకమీదట కిటికీ తీసి వండుకోమంది. పిల్లి లేదు కాబట్టి గది మీదేనని కూడా చెప్పి దిగిపోయింది. జీడిపప్పు గోడ వదిలి వచ్చి, మొట్టమొదటిసారి తలకాయ పులుసు తనే వడ్డించుకుంది. తినలేక సగం నాకే ఇచ్చిందనుకోండి.

మరుసటి శనివారం కొట్టాయనకి కూడా ఉన్న మాట చెప్పేశాను. తాతగారు భీమవరం దగ్గర క్షేమంగా ఉన్నారు, ఇవి నాకు అన్నాను. ఆయన కాసేపు బాధపడ్డాడు, పాపం పిల్లి మీద అభిమానం పెంచుకున్నాడు. తరవాత ఆలోచించి, మనుషులు తినేదైతే ధర పెట్టాలి కదా అన్నాడు. ఊరికే వచ్చేవి కొనుక్కునే గతి పట్టించావని జీడిపప్పు చాలా రోజులు సాధించింది. నేను తలెత్తుకుని డబ్బులిచ్చి, కాగితం పొట్లం అందరికీ కనబడేలా పట్టుకుని వచ్చేదాన్ని.

చదువయ్యి ఇంటికొచ్చిన రోజు బొచ్చె పులుసే పెట్టారు. ఈ కథంతా ఫోనులో తమ్ముడికి చెప్పి ఉన్నాను, అంటే ఊరందరికీ తెలిసిపోయినట్టే. నాయనమ్మ తలకాయ గరిటెలోకి తీసుకుని ఎప్పటిలాగే తాతగారి వైపు వెళ్లబోతుంటే, నా కంచం ఎత్తి అడ్డంపెట్టాను. నాన్నగారు తినడం ఆపారు. నాయనమ్మ గరిటె గాల్లోనే ఉంది. తాతగారు నా వైపు చూసి, మీసం తుడుచుకుని, "వెయ్యవే దానికి. నా పేరు చెప్పి ఏడాదంతా తినొచ్చింది, ఇప్పుడు మానమంటే మానుద్దా?" అన్నారు. నాయనమ్మ గొణుక్కుంటూనే వేసింది. ఆ రోజు తోక ముక్క ఎవరికెళ్లిందో నేను చూడలేదు. చూడాలనిపించలేదు కూడా.

ఇప్పుడు నా ఇంట్లో పులుసు పెట్టిన రోజున గరిటె నా చేతిలోనే ఉంటుంది. మా ఆయనకి ముళ్లంటే భయం. అబ్బాయి ముక్కలు మాత్రమే తింటాడు. కిందటి ఆదివారం మంచి బొచ్చె దొరికింది. తలకాయ గరిటెలోకి తీసి, ఎవరికి కావాలని గట్టిగా అడిగాను. అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండా "నువ్వే తినమ్మా" అంది. సరేలే అని వేసుకున్నాను. పులుసు బాగానే కుదిరింది. అయినా తింటున్నంతసేపూ, ఎవరో ఒకరు ఎదురు తిరిగి కంచం అడ్డంపెడితే బాగుండునని అమ్మాయి వైపే చూస్తూ కూర్చున్నాను.