గేటు దగ్గరి తెలుగు

మా అమ్మకు రెండు తెలుగులు వచ్చు. ఒకటి మాతోనూ, బర్లతోనూ, వాడకట్టుతోనూ మాట్లాడేది. రెండోది సుబేదారిలో ఆఫీసర్ల ఇండ్ల గేట్ల దగ్గర మాట్లాడేది. బడికి పోయేముందు పాలక్యాను పట్టుకొని ఆమె వెనక నడిచేదాన్ని కనుక ఏ మలుపు దగ్గర ఆ తెలుగు మారుతుందో నాకు బాగా తెలుసు. తారురోడ్డు ఎక్కేదాకా "జల్ది నడువు, పొద్దెక్కుతాంది" అని నన్ను కసురుకుంటూ వచ్చే మనిషి, మొదటి గేటు గొళ్లెం తీయగానే గొంతు సన్నం చేసి "అమ్మగారూ, పాలండీ" అనేది.

ఆ ఇండ్లలో చాలామంది కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు. చెడ్డవాళ్లేం కాదు. ఎండాకాలం గేటు దగ్గరే కూచోబెట్టి చల్లటి నీళ్లిచ్చేవాళ్లు. కానీ ఒకసారి అమ్మ అలవాటు కొద్దీ "పాలు పొయ్యాల్నా?" అని అడిగితే, లోపలి పిల్లలు ఆ మాటనే, ఆ రాగంతోనే మళ్లీ మళ్లీ అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అమ్మకు మండలేదు. మనది మోటు మాట, వాళ్లది చదువుకున్న మాట అని నాకే సర్దిచెప్పింది. అప్పటినుంచి వాళ్ల మాట నేర్చుకోవడం మొదలుపెట్టింది. నేర్చుకున్నది ఎంతని! అలాగేనండి, పర్వాలేదండి, మీ ఇష్టమండి, రేపు తప్పకుండా తెస్తానండి. పాలు పోసే మనిషికి గేటు దగ్గర అంతకన్నా ఎక్కువ అవసరం పడలేదు.

యాస ఎదుటివాళ్లకే ఉంటుంది, తనకుండదు అని ప్రతి మనిషీ అనుకుంటాడట. మా వాడకట్టులో అది తలకిందులు. యాస ఉన్నది మాకేననీ, రేడియోలో వార్తలు చదివేవాళ్లకు లేదనీ మేమే ఒప్పేసుకున్నాం. బడిలో ఒక తెలుగు రాసి, బడి బయటికొచ్చి ఇంకో తెలుగులో కొట్లాడుకునేవాళ్లం.

ఎనభైల మొదట్లో మా బాపు దుబాయి పోయాడు. అప్పుడు తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు. బాపుకు చదువు రాదు, అమ్మకూ రాదు. అక్కడ ఎవరో రాసిపెట్టిన ఉత్తరం వస్తే నేను చదివేదాన్ని, జవాబు నేనే రాసేదాన్ని. రెండేండ్ల కాంట్రాక్టు ముగియవస్తుండగా పక్కింటి ఖాలమ్మ తమ్ముడు దుబాయి నుంచి వచ్చాడు. ఓ పెద్ద టేప్‌రికార్డరూ, మా బాపు గొంతున్న క్యాసెట్టూ తెచ్చాడు. వాళ్లు తురకోళ్లు, మేము గొల్లోళ్లం. గోడ ఒక్కటే అడ్డం, ఆ గోడ మీద నుంచే కూర గిన్నెలు అటూ ఇటూ పోయేవి.

ఖాలమ్మ ఇంట్లో అందరం చుట్టూ కూచొని బాపు మాట విన్నాం. కంపెనీవాళ్లు ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టమంటున్నారట. పెట్టాలా, వచ్చెయ్యాలా, అమ్మ ఏమంటే అదే. అయితే ఉత్తరం వద్దు, అమ్మ తన నోటితోనే చెప్పాలి. "నీ గొంతు ఇనక రెండేండ్లాయె" అన్నాడు.

మాటలు అప్పుడప్పుడే వస్తున్న తమ్ముడు ఆ టేప్‌రికార్డర్ మీద చెయ్యి వేసి "బాపు" అన్నాడు. అందరం నవ్వాం, అమ్మ కూడా నవ్వింది. ఆ రాత్రి మాత్రం అన్నం తినలేదు. పిల్లగాడికి పూర్తిగా మాటలు వచ్చేలోపు ఆయన ఇంట్లో ఉండాలని ఖాలమ్మతో అంది, నాతో అంది, పాలు పితుకుతూ బర్లతో కూడా అంది. అమ్మకు కావలసింది అదొక్కటే. అందులో అనుమానం లేదు.

రికార్డు చేసే రోజు అమ్మ తలస్నానం చేసి, పెండ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకొని వచ్చింది. "జర ఆరామ్‌గ మాట్లాడు, ఫికర్ చెయ్యకు" అని ఖాలమ్మ ఎర్ర మీట నొక్కింది. అమ్మ ఆ పెట్టెను చూసి ఏ ఆఫీసరమ్మ అనుకుందో ఏమో, గొంతు సన్నమైపోయింది. "నమస్కారమండీ. మేమంతా క్షేమంగా ఉన్నామండీ. బాబు బాగున్నాడండీ. కాంట్రాక్టు సంగతి మీ ఇష్టమండీ. మీ వీలు చూసుకోండి, మాకేం పర్వాలేదండీ."

రావద్దని చెప్పాలని కాదు. పదిమంది చేతుల మీదుగా పోయే క్యాసెట్టు, పరాయి దేశంలో మోగే మాట, అక్కడ మొగుడి పరువు పోవద్దని తన దగ్గరున్న మంచి తెలుగంతా బయటికి తీసింది. కానీ ఆ తెలుగులో ఆమె ఎన్నడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరుగదు. అడగడానికి అందులో ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఖాలమ్మ టేపు వెనక్కి తిప్పి వినిపిస్తే, అమ్మ తన గొంతు తాను మొదటిసారి విని ఆశ్చర్యపోయింది. మంచిగనే వచ్చిందని మురిసిపోయింది. నాకూ గొప్పగానే అనిపించింది. దుబాయి పోయే మనిషి చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపాం.

రెండు నెలలు ఏ కబురూ లేదు. తర్వాత సెలవు మీద వచ్చిన నర్సంపేట దిక్కు మనిషి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అక్కడ బాపు ఉండే గదిలోనే ఉంటాడట. అక్కడ ఎవరి క్యాసెట్టు వచ్చినా గదంతా చేరుతుందట. కరీంనగరు వాళ్లూ, నిజామాబాదు వాళ్లూ చాయ్ పెట్టుకొని, ఎవరి భార్య మాట్లాడినా తమ ఇంటి మాటే విన్నట్టు వింటారట. అమ్మ క్యాసెట్టుకు కూడా అట్లాగే కూచున్నారు. అది అయిపోయాక ఒకడు, నీ భార్య ఆఫీసరైందిరా అని నవ్వాడట. బాపు నవ్వలేదు. ఆమెకు నా మీద కోపమొచ్చింది, లేకుంటే పరాయోనితోటి మాట్లాడినట్టు ఎందుకు మాట్లాడుతుంది అని గోడ వైపు తిరిగి పడుకున్నాడట.

మా ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య "అండీ" అన్న మాట ఎన్నడూ లేదు. అమ్మ బాపును తిట్టేది, బాపు అమ్మను తిట్టేవాడు, కంచం ముందర ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అమ్మ మర్యాదగా మాట్లాడిందంటే బాపు భయపడక ఏం చేస్తాడు? "కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడిందంటె గిదే" అంది ఖాలమ్మ. అమ్మ టేప్‌రికార్డర్ ఎత్తుకొని సీదా బర్ల కొట్టంలోకి పోయింది. చేతులు ఊకె ఉంటే తనకు మాట రాదని, పాలు పితుకుతూ చెప్తానని అంది. బర్రె తన్నితే తన తమ్ముడికి ఏం జవాబు చెప్పాలని ఖాలమ్మ మొత్తుకుంటూ, రెండు చేతులతో ఆ పెట్టెను పట్టుకొని పక్కనే కూచుంది.

పాలు చెంబులో పడుతున్న చప్పుడుతో పాటే అమ్మ మొదలుపెట్టింది. "ఏమయ్య, నీకు అక్కడ మంచిగున్నదా? ఈడ నీ కొడుకు డబ్బను పట్టుకొని బాపు అంటాండు. నాకు పానం ఒప్పుతలేదు. ఇగ చాలు తియ్యి. గంజి తాగుదం గని నువ్వు రా." ఆ తర్వాత చాలాసేపు తిట్టింది. మధ్యలో బర్రెను కూడా తిట్టింది. ఖాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

జవాబు తొందరగానే వచ్చింది. ఆ క్యాసెట్టులో మొదట ఫ్యాను చప్పుడు వినిపించింది. తర్వాత బాపు అన్నాడు, "గిదే మాట గప్పుడే అంటె నేను రాకపోదునా? మీ ఇష్టమంటివి. నేను లేకున్నా మీకు నడుస్తాందనుకున్న. సంతకం పెట్టిన."

అమ్మ ఆ పెట్టెవైపు తిరిగింది. "మొదటి దాంట్ల గూడ నేను రమ్మనే అన్ననుకున్న" అంది.

మరో రెండేండ్లు అట్లాగే పోయాయి. ఆ రెండేండ్లలో తమ్ముడు అన్ని మాటలూ నేర్చాడు, అన్నీ అమ్మ నోటి నుంచే. బాపు వచ్చిన రోజు సూట్‌కేసు మోసుకుంటూ వాకిట్లోకి రాగానే, వాడు అమ్మ వెనక్కి పోయి చీర పట్టుకొని తొంగిచూశాడు. "గీయిన ఎవలే అమ్మా? మనింటికెందుకొచ్చిండు?" అన్నాడు.

ఆ సాగదీత విని బాపు పెద్దగా నవ్వాడు. "అచ్చం నీ మాటనే" అన్నాడు అమ్మతో. ఆ తర్వాత వాడు అడిగిందేమిటో అర్థమై, సూట్‌కేసు కింద పెట్టి గడపలోనే కూలబడ్డాడు.